నాలుగు వేళ్ళ నీళ్ళు

పనిలో చేరిన మొదటి రోజే ఆ డ్రమ్మును కడిగేశాను.

నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము. నా నడుం ఎత్తు ఉంటుంది. రేవు నుంచి సముద్రపు నీళ్ళు తెచ్చి అందులో పోయాలి. మూడు రోజులు తేరనిచ్చి, పై నీళ్ళను రబ్బరు గొట్టంతో దించుకుని, గుడ్డలో వడకట్టి, ప్రయోగశాల లోపలి గదికి ఇవ్వాలి. పదకొండేళ్ళు ఆ పని నా భార్య చేసింది. ఆమె పోయిన నెలకు నాకిచ్చారు. మూత తీసి చూస్తే అడుగున నాలుగు వేళ్ళ లోతున నీళ్ళున్నాయి. వాటి కిందా, డ్రమ్ము చుట్టూరా గోధుమరంగు పాచి, వేలు పెడితే జారేంత జిగురుగా.

నేను ముప్పై ఏళ్ళు పడవల అడుగులు గీకి బతికినవాణ్ణి. పాచి సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. అది పట్టిన పడవ కదలదు, నూనె తాగుతుంది, చివరికి చెక్క కుళ్ళుతుంది. ఇంట్లో గరిటె కాడను కూడా తోమే మనిషి ఇక్కడ ఇలా వదిలేసిందేమిటి అనుకున్నాను. వెంటనే చుట్టూ చూశాను. ఎవరూ లేరు. చూస్తే ఏమంటారు? పదకొండేళ్ళూ మురికి నీళ్ళు పోసిందంటారు. పోయిన మనిషి వచ్చి జవాబు చెప్పుకోలేదు కదా.

తలుపు గడియ పెట్టాను. డ్రమ్మును పక్కకు వాల్చి, యాసిడ్ పోసి, పడవలకు వాడే ఇనప బ్రష్‌తో తోమాను. మధ్యాహ్నానికి అది నిన్న కొన్నదానిలా తయారైంది. గొట్టం లోపల కూడా పాచి కట్టి ఉంది. స్టోరులో అడిగి కొత్త గొట్టం తెచ్చుకున్నాను. పాతది పారేద్దామనుకుని పారేయలేకపోయాను. పట్టు జారకుండా దాని కొసకు ఆమె పాత దిండు గలీబు పీలిక చుట్టి ముడివేసింది. ఆ ముడిని చూసి గొట్టం చుట్టచుట్టి ఇంటికి పట్టుకెళ్ళాను.

ఆ తరువాత కూడా నీళ్ళు దించిన ప్రతిసారీ డ్రమ్మును తోముతూనే ఉన్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ భవనంలో జరిగే పని ఏమిటంటే, సముద్రం అడుగు నుంచి బురద తెస్తారు. బురదలో కంటికి కనబడని బ్యాక్టీరియా ఉంటుంది. దానికి పళ్ళు లేవు, గోళ్ళు లేవు, పారిపోవడానికి కాళ్ళు లేవు. చోటు కోసం, తిండి కోసం పక్కవాటితో కొట్లాడాలంటే ఏదో ఒక విషం తయారుచేసి వదలడమే దానికి తెలిసిన దారి. అలాంటి విషాల్లో ఎక్కడో ఒకటి మనిషి జోలికి పోకుండా, మనిషిని పట్టిన రోగక్రిమిని మాత్రం చంపుతుంది. దాన్ని వెతకడమే వీళ్ళ ఉద్యోగం. వందల రకాలు పెంచితే ఒకటి పనికొస్తుంది. ఆ ఒక్కటీ చాలాసార్లు ఇంకెవరో ఎప్పుడో కనిపెట్టేసినదై ఉంటుంది.

వీళ్ళకు కొత్తది ఒకటి దొరికింది. దాని పేరు నాకు నోరు తిరగదు. అందరూ ‘పసుపుది’ అనేవారు. సముద్రపు నీళ్ళలో తిండి కలిపి, ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, అందులో దీన్ని వేసి పెంచితే పదో రోజుకు ఫ్లాస్కు పసుపుపచ్చగా తిరుగుతుంది. ఆ రంగే మందు. ఆస్పత్రుల్లో ఏ మందుకూ లొంగని మొండి క్రిమి ఒకటుంది. గాజు పళ్ళెంలో ఆ క్రిమిని పరిచి మధ్యలో పసుపు నీళ్ళు ఒక్క చుక్క వేస్తే, చుక్క చుట్టూ సీసా మూతంత మేర ఏమీ మొలవదు.

ఆ మొండి క్రిమే నా భార్యను తీసుకుపోయింది.

నీళ్ళ కోసం రేవు మెట్లు దిగుతూ కాలికి గుల్ల కోసుకుంది. ఆస్పత్రిలో కుట్లు వేశారు. ఆ కుట్లలోనే క్రిమి చేరింది. ఒకదాని తరువాత ఒకటి ఐదు మందులు మార్చారు. అప్పుడు మేడమ్ చూడటానికి వచ్చింది. పసుపుదాన్ని కనిపెట్టింది ఈవిడే. ముప్పై అయిదేళ్ళుంటాయి. నా భార్యను పిన్నీ అనేది, ఆ లెక్కన నన్ను బాబాయ్ అనేది. వరండాలో నన్ను పక్కకు పిలిచింది.

“ఏ క్రిమో చెప్పారా బాబాయ్?”

చీటీ చూపించాను. చదివి గోడకు ఆనుకుంది.

“ఇది మా పళ్ళెంలో చచ్చిపోతోంది” అంది మెల్లగా.

“అయితే తెండి.”

“అది ఇంకా మందు కాదు బాబాయ్. ఎంత ఇవ్వాలో తెలీదు. ఇస్తే గుండెకేమవుతుందో, కిడ్నీలకేమవుతుందో తెలీదు. ఎలుకలకు కూడా ఇచ్చి చూళ్ళేదు.”

“ఎలుకలయ్యేదాకా ఆవిణ్ణి ఆగమని చెప్పమంటారా?”

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నిలబడింది. నాలుగో రోజున నా భార్య పోయింది.

మేడమ్ అలాంటిదొకటి ఉందని చెప్పకపోయినా బాగుండేది. చెప్పి, ఇవ్వలేదు. ఆమె చేసింది సరైన పనేనని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు మంట చల్లారదు. నా భార్య స్థానంలో పని ఇస్తామంటే ఎందుకు ఒప్పుకున్నావని చాలామంది అడిగారు. దూరం నుంచి పగపట్టడం కంటే రోజూ మొహం చూస్తూ పగపట్టడం తేలిక. అంతే.

నీళ్ళ గది తలుపు లోపలివైపు సుద్దముక్కతో రెండు మాటలు రాసి ఉన్నాయి. నా భార్య రాతే. బడికెళ్ళింది నాలుగేళ్ళే అయినా గుండ్రంగా రాసేది. ‘తోడు మరవొద్దు.’

కుట్లు చీముపట్టి ఆస్పత్రిలో చేరే ముందు ఆమె నాతో అంది: “రెండు వారాలు నా పని నువ్వు చూడు. ఏం చెయ్యాలో తలుపు మీద రాసిపెట్టాను.” నేను వెళ్ళలేదు. ఆమె మంచం పక్కనే కూర్చున్నాను. పదమూడు రోజులు కూర్చున్నాను. చివరి రోజు మధ్యాహ్నం మాత్రం పడవ ఒకటి నీళ్ళలోకి దించాలని షెడ్డు నుంచి కబురొస్తే రెండు గంటలు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగేశారు.

అందుకని ఆ రెండు మాటలు చదివిన ప్రతిసారీ నాకు ఒకటే అర్థమయ్యేది. తోడుగా ఉండమంది. మరిచాను. పని గురించి రాశానని చెప్పి ఇది రాసిందేమిటి అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చెరపడానికి చెయ్యి రాలేదు. దాని మీద మేకు కొట్టి చొక్కా తగిలించాను.

మూడో నెలలో పసుపుది పసుపు మానేసింది.

నా భార్య పట్టి ఉంచిన నీళ్ళు సీసాల్లో నిలవున్నంత కాలం బాగానే నడిచింది. అవి అయిపోయి నా నీళ్ళు మొదలయ్యాక ఫ్లాస్కులు గంజిలా తెల్లగా రావడం మొదలైంది. బ్యాక్టీరియా పెరుగుతోంది, బాగా పెరుగుతోంది, రంగు మాత్రం లేదు. రంగు లేకపోతే మందు లేదు. వేడి మార్చారు, చక్కెర మార్చారు, ఫ్లాస్కులు ఊపే యంత్రం మార్చారు. ఏం మార్చినా గంజే.

నింద నా మరదలి మీద పడింది. నా భార్య చెల్లెలు. అదే ప్రయోగశాలలో విత్తనం ట్యూబులు చూసేది ఆమే. పసుపుదాని విత్తు ఫ్రీజర్‌లో చిన్న చిన్న ట్యూబుల్లో ఉంటుంది. ట్యూబుల్ని తారుమారు చేసిందని పెద్దసారు అనుమానం. పెద్దసారంటే ఆ భవనం మొత్తానికి అధికారి. మూడు నెలలు ఓపికపట్టి, ఈ నెలాఖరులోగా రంగు రాకపోతే పసుపుదాని పని ఆపేయమన్నాడు, మేడమ్‌ను వేరే పనికి మారుస్తానన్నాడు.

ఒకరోజు మేడమ్ నీళ్ళ గదికి వచ్చింది.

“బాబాయ్, నీళ్ళ విషయంలో ఏమైనా మారిందా? ఎక్కడ పడుతున్నారు, ఎలా పడుతున్నారు, ఏ చిన్న సంగతైనా సరే.”

“ఏమీ మారలేదు.”

“పిన్ని చేసినట్టే చేస్తున్నారా?”

“ఆమె కంటే శుభ్రంగానే చేస్తున్నా. నేను మీకు బాబాయిని కాను.”

తల ఊపి వెళ్ళిపోయింది. ఆ డ్రమ్ము సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. కడిగితే చెడేదేముంది, కడగకపోతే చెడాలి గానీ అనుకున్నాను. పైగా చెబితే మొదట బయటపడేది నా భార్య వదిలిన పాచి. నోరు మూసుకున్నాను.

నెలాఖరుకు ఇరవై రోజులుందనగా, ఒక ఉదయం టీ గదిలో మరదలు నా మీద విరుచుకుపడింది.

“బావా! ఈ గిన్నె కడిగింది నువ్వేనా?”

“నేనే. రాత్రంతా అంట్లగిన్నె ఇక్కడే పడుంది.”

“అంట్లగిన్నె కాదు బాబూ, పెరుగు గిన్నె. తోడు కోసమని అడుగున రెండు చెంచాలు ఉంచాను. అదీ తోమేశావా?”

“మిగిలిపోయిందనుకున్నాను.”

“మిగలడం కాదు, మిగిల్చాను! కనబడిందల్లా తోమేస్తావేం బావా? రేపెప్పుడో నేను కాసేపు కదలకుండా కూర్చుంటే నన్నూ తోమేస్తావు. ఇప్పుడీ పాలు దేంతో తోడుకోవాలి, నీ మొహంతోనా? నీ మొహం పెడితే విరుగుతాయి గానీ తోడుకోవు.”

ఇంకా ఏదో అంటూనే ఉంది. నేను వినడం లేదు. పాలగిన్నె వైపు చూస్తూ నిలబడ్డాను. తరువాత నీళ్ళ గదికి వెళ్ళి, తలుపు మీది చొక్కా తీశాను.

తోడు మరవొద్దు.

ఆమె నాకు చెప్పింది చెప్పినట్టే రాసింది. పని గురించే రాసింది. ఆరు నెలలుగా నేను దాన్ని నా గురించి చదువుకుంటున్నాను.

మరదలు వెనకే వచ్చింది. “ఏమైంది బావా? నేనేదో మాట తూలితే...”

“మీ అక్క డ్రమ్ము ఎప్పుడైనా కడిగేదా?”

“అక్కా? ఎవరైనా ముట్టుకుంటే చేతులు విరగ్గొట్టేది. అయినా నేను ఈ గదిలోకి వచ్చిందెప్పుడు? నా ఫ్రీజర్ నాది, తన డ్రమ్ము తనది.” ఆగింది. నా మొహం చూసింది. “నువ్వు కడిగావా?”

“యాసిడ్‌తో.”

మరదలు తిట్టలేదు. దాంతోనే నాకు భయం వేసింది. చెయ్యి పట్టుకుని మేడమ్ గదికి లాక్కెళ్ళింది.

నిలబడే చెప్పాను. డ్రమ్ము అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు, పాచి, యాసిడ్, బ్రష్, అన్నీ చెప్పాను. “మీరు అడిగినప్పుడు ఏమీ మారలేదన్నాను. అబద్ధం. మా ఆవిడ మురికి మనిషని మీరంతా అనుకోకూడదని అలా అన్నాను.”

మేడమ్ బల్ల మీదున్న తెల్ల ఫ్లాస్కును పక్కకు జరిపింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే తేలిగ్గా ఉండేది.

“పిన్ని నాకొకసారి చెప్పింది” అంది. “నీళ్ళకైనా తోడుండాలి మేడమ్, కొత్త నీళ్ళు ఒంటరిగా పోస్తే మీ వాడు పలకడు అని. సరదాకి అంటోందనుకుని నవ్వాను. ఏం తోడు, ఎందుకు అని అడగలేదు.”

“అడిగుంటే చెప్పేది.”

“చెప్పేది బాబాయ్. తప్పు నాది.”

బాబాయిని కానని ఈసారి అనలేదు. అనడానికి గుర్తు రాలేదు.

“కానీ మేడమ్,” అంది మరదలు, “నీళ్ళను మనం ఉడికిస్తాంగా? డ్రమ్ములో ఏమున్నా చచ్చిపోవాలిగా?”

“చస్తుంది. చచ్చినా దాని ముక్కలు నీళ్ళలో ఉంటాయి. ఆ ముక్కలు తగిలితే పక్కన ఇంకెవరో ఉన్నారని మనది అనుకుంటుందేమో. పక్కన ఎవరో ఉన్నారనుకుంటేనే ఇలాంటివి ఆయుధం తీస్తాయి. ఒంటరిగా ఉంటే తిని పడుకుంటాయి.”

“అదీ నయమే. మా బావ ఒంటరిగా ఉన్నా ఆయుధం దించడు.”

మేడమ్ నవ్వు ఆపుకుంది. తరువాత అసలు ప్రశ్న అడిగింది. “ఆ పాచి ఎక్కడైనా కొంచెం మిగిలిందా? కొత్తగా పట్టనివ్వాలంటే అదే పాచి పడుతుందని నమ్మకం లేదు. నెలలు పట్టొచ్చు.”

యాసిడ్ పోసి ఇనప బ్రష్‌తో ముప్పై ఏళ్ళ అనుభవమున్నవాడు తోమితే ఏం మిగులుతుంది? లేదనబోయాను. గొట్టం గుర్తుకొచ్చింది.

సైకిల్ మీద ఇంటికెళ్ళాను. గొట్టం ఆమె గొడుగు పక్కన మేకుకు వేలాడుతోంది. ఆ గోడకున్న వేటినీ ఏడు నెలలుగా నేను కదపలేదు, ఎవరినీ కదపనివ్వలేదు. దాన్ని తీసి భుజానికి వేసుకున్నాను. మేకు కింద గోడ మీద గుండ్రంగా మచ్చ కనబడింది.

మేడమ్ కత్తెర తీసుకుంది. “కోయాల్సి వస్తుంది బాబాయ్.”

“ముడి ఉన్నవైపు వద్దు.”

“వద్దు.”

రెండో కొస నుంచి జానెడు కోసి నిలువునా చీల్చింది. లోపల పాచి ఎండిపోయి ఉల్లిపొరలా లేచింది.

“ఎండి చచ్చిందిగా ఇది” అన్నాను.

“అన్నీ చావవు. కొన్ని గింజకట్టుకుని కూర్చుంటాయి. తడి తగిలితే లేస్తాయి.”

ఆ పొరలను ఒక సీసాడు సముద్రపు నీళ్ళలో వేసి మూతకు దూది పెట్టింది. ఐదు రోజులకు సీసా గోడల మీద సన్నగా గోధుమరంగు తేలింది. ముప్పై ఏళ్ళు పాచిని తిట్టినవాణ్ణి, రోజుకు నాలుగుసార్లు వెళ్ళి అది ఎంత పెరిగిందో చూసుకున్నాను. ఆ నీళ్ళలో తిండి కలిపి, ఉడికించి, చల్లార్చి, ఆరు ఫ్లాస్కులు పెట్టారు. నా శుభ్రమైన నీళ్ళతో మరో ఆరు. వీటిలోనూ వాటిలోనూ వేసింది ఒకే ట్యూబులోని విత్తు. వేసింది మరదలు. ట్యూబు మీది నంబరు రెండుసార్లు పైకి చదివి మరీ వేసింది.

ఎనిమిదో రోజు గంజి. తొమ్మిది, గంజి. పదో రోజు పెద్దసారు వచ్చి పన్నెండు ఫ్లాస్కుల ముందూ నడిచాడు.

“ఏది ఏ నీళ్ళదో నాకైతే తేడా తెలీట్లేదమ్మా” అన్నాడు మేడమ్‌తో. “సోమవారం ఈ ఊపే యంత్రం ఖాళీ చేసేద్దాం.” చెడ్డవాడు కాదు. ఆ మాట అంటున్నప్పుడు మా ఎవరి మొహమూ చూడలేదు.

ఆ రోజు మరదలు జోకు వెయ్యలేదు. నేను అన్నం తినలేదు. నా భార్య పోయినప్పుడు ఇక ఓడిపోవడానికి నా దగ్గర ఏమీ లేదనుకున్నాను. ఆమెకే ఇంకా ఓడిపోవడానికి ఏదో మిగిలుందని అప్పుడు తెలిసింది. ఆమెకు తెలిసిన ఒకే ఒక్క సంగతి, పదకొండేళ్ళు చేతితో చేస్తూ కనిపెట్టింది, నేను గీకిపారేశాను. అది ఇప్పుడు నిజమని తేలకపోతే ఆమె డ్రమ్ము కడగని మనిషిగానే మిగులుతుంది.

పన్నెండో రోజు ఆదివారం. సెలవు. పొద్దున్నే వెళ్ళేసరికి మరదలు గేటు దగ్గరే ఉంది. మేడమ్ లోపలే ఉంది. ఎవరూ ఎవరినీ ఎందుకొచ్చావని అడగలేదు.

మేడమ్ ఊపే యంత్రం ఆపింది. నా నీళ్ళ ఫ్లాస్కులు ఆరూ తెల్లగా ఉన్నాయి. నా భార్య నీళ్ళవి నాలుగు తెల్లగా ఉన్నాయి. రెండింటి అంచున, నురుగు ఆరిన చోట, సన్నటి గీత కనబడింది. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి ఎత్తి పట్టుకుంది.

“నాకే కనబడుతోందా?” అంది.

“కామెర్లు వచ్చినట్టుంది” అన్నాను.

“నీ నోట మంచి మాట రాదా బావా!” అని మరదలు నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఏడుస్తోంది.

సాయంత్రానికి ఐదు ఫ్లాస్కులు రంగు తిరిగాయి. ఆరోది తిరగలేదు. ఎందుకో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. మేడమ్ ఆ ఫ్లాస్కును కూడా దాచింది.

మర్నాడు పళ్ళెం మీద చుక్క వేశారు. మంగళవారం ఉదయం మేడమ్ స్వయంగా నీళ్ళ గదికి వచ్చింది. “చూస్తారా బాబాయ్?”

ఇన్నాళ్ళూ ఆ పళ్ళేలు నేను కడగడమే గానీ చూసింది లేదు. ఆవిరిలో చంపిన తరువాతే నా దగ్గరకు వచ్చేవి. వెళ్ళి చూశాను. పళ్ళెం నిండా బూడిదరంగు పొర. అది నా భార్యను చంపిన క్రిమి. ఇంత మామూలుగా ఉంటుందని అనుకోలేదు. మధ్యలో గుండ్రంగా, సీసా మూత కంటే కొంచెం పెద్దగా, ఖాళీ. అక్కడ గాజు గాజులా ఉంది. కింద బల్ల చెక్క గీతలు కనబడుతున్నాయి.

పెద్దసారు కూడా చూశాడు. యంత్రం ఖాళీ చెయ్యొద్దన్నాడు. మరదలి దగ్గరకెళ్ళి, ట్యూబుల విషయంలో తొందరపడ్డానమ్మా అన్నాడు. సరే సార్ అని మరదలు పెద్దమనిషిలా తల ఊపింది. ఆయన వెళ్ళాక ఆయన నడక అనుకరించి చూపించింది.

“ఇక మందు ఎప్పుడొస్తుంది?” అని మేడమ్‌ను అడిగాను.

“ముందు ఎలుకలు. అవి తట్టుకుంటే మనుషులు, కొద్దిమందితో మొదలు. అన్నీ కలిసొస్తే పదేళ్ళు. ఏదో ఒక మెట్టు దగ్గర ఆగిపోనూ వచ్చు బాబాయ్. మీకు అబద్ధం చెప్పను.”

ఆ రోజు ఆస్పత్రి వరండాలో కూడా ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. ఆమెతో మాత్రం అనలేదు. “పదేళ్ళకు నీళ్ళు చాలా కావాలి” అన్నాను.

డ్రమ్మును మళ్ళీ మొదలుపెట్టాం. సీసాలోని పాచి నీళ్ళు అడుగున పోసి, పైన కొత్త నీళ్ళు నింపాను. మూడు రోజులాగి నీళ్ళు దించేటప్పుడు ఎక్కడ ఆపాలో అర్థం కాలేదు. నాలుగు వేళ్ళని గుర్తుంది, కానీ నా భార్య కొలిచింది తన వేళ్ళతో కదా. నా వేళ్ళు బ్రష్ పట్టి పట్టి దుంపల్లా అయిపోయాయి. మరదలిని పిలిచాను. అక్కచెల్లెళ్ళ చేతులు ఒకేలా ఉండేవి. ఆమె నాలుగు వేళ్ళను డ్రమ్ము గోడకు అడ్డంగా ఆనించి, పక్కన నా వేళ్ళు పెట్టి చూశాను.

“ఏం కొలతలు బావా ఇవి, గాజులు చేయిస్తావా?”

“కదలకు.”

ఆమె నాలుగు వేళ్ళు నా మూడు వేళ్ళు.

గొట్టం తీసేసి, చెయ్యి తుడుచుకుని, సుద్దముక్క వెతికాను. నా చొక్కాకు వేరే మేకు కొట్టుకున్నాను. తలుపు మీద నా భార్య రాత కింద, నాకు వచ్చినంతలో గుండ్రంగా, నా తరువాత వచ్చేవాళ్ళ కోసం రాశాను:

‘అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు ఉంచాలి. లావు వేళ్ళవాళ్ళకు మూడు. కడగొద్దు.’